పథ్యం నిమ్మకాయ

మా నాయినకు ఒక విద్య వచ్చు. చెట్టును చావకుండా ఎండబెట్టడం.

దీపావళి పోయిందంటే మా తోటలో మోటరు బంద్ అయ్యేది. బోరులో నీళ్లుండి కూడా నిమ్మచెట్లకు ఒక్క చుక్క పోనిచ్చేవాడు కాదు. నీళ్లు ఎప్పుడూ అందుతుంటే నిమ్మచెట్టు ఆకు మీద ఆకు వేసుకుంటూ హాయిగా ఉంటుంది తప్ప పూతకు రాదు. వానాకాలం కాయ అందరి తోటల్లోనూ కాస్తుంది, దాన్ని అడిగే దిక్కుండదు. ఎండాకాలంలో కాయ చేతికి రావాలంటే చలికాలం మొదట్లోనే చెట్టుకు దాహం పుట్టించాలి. ఆకు మెత్తబడాలి, అంచులు ముడుచుకోవాలి, కొంత రాలిపోవాలి. అప్పుడు ఎరువేసి నీళ్లు వదిలితే కొమ్మకొమ్మకూ పూత వస్తుంది.

ఎన్నిరోజులు ఆపాలన్నదే అసలు సంగతి. రెండు రోజులు తక్కువైతే పూత రాదు, నాలుగు రోజులు ఎక్కువైతే కొమ్మలే ఎండిపోతాయి. ఎర్రచెలక నేలకు ఒక లెక్క, నల్లరేగడికి ఒక లెక్క. మా నాయిన రోజూ పొద్దున చెట్టుకొక ఆకు తెంపి అరచేతిలో మడిచి చూసేవాడు. చిటుక్కున విరిగితే ఇంకా ఆగొచ్చు. విరగకుండా ఊరికే మడతపడితే ఇక ఆగకూడదు. పక్క తోటల వాళ్లు గుప్పెట్లో ఆకులు పట్టుకుని మా ఇంటికొచ్చి, "పటేలా, ఇంకెన్నొద్దులు?" అని అడిగిపోయేవారు.

నీళ్లు వదలడంలోనూ ఆయనకు తొందర ఉండేది కాదు. మొదటి తడి పాదు తడిసేంతే. రెండోది సగం. మూడోసారి గానీ నిండా పెట్టేవాడు కాదు. అంత ఎండిన చెట్టుకు ఒక్కసారే తాగబెడితే వచ్చిన పూతంతా రాల్చేసుకుంటుందని చెప్పేవాడు.

అమ్మకు ఇదంతా గిట్టేది కాదు.

"ఉన్న నీళ్లు వెట్టుకొని పచ్చటి చెట్లను సంపుతున్నవు. పాపం తాకుతది నీకు" అనేది.

"నేను సంపుతలేనే. కాయాలని యాది చేస్తున్న" అని నవ్వేవాడు నాయిన.

చిన్నప్పుడు నేను అమ్మ పక్షం. బడి నుంచి వచ్చేటప్పుడు సీసాలో మిగిలిన నీళ్లు గట్టు పక్క చెట్టుకు పోసేదాన్ని. అది చాలదని బిందెతో కూడా పోశాను. ఆ ఏడు తోటంతా తెల్లగా పూస్తే ఆ చెట్టొక్కటే పచ్చగా, ఒక్క పువ్వు లేకుండా నిలబడింది. నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగి నా మొహం చూశాడు. కొట్టలేదు. అప్పటి నుంచి ఆ చెట్టును "మా బిడ్డ సుట్టం" అని పిలిచేవాడు, కూలికొచ్చిన ఆడవాళ్లందరి ముందూ.

మా ఊరు మోత్కూరు అవతల. తాత కాలంలో నిమ్మతోటలు లేవు. స్నానం చేసే బండ దగ్గర, వాడిన నీళ్లు పారే చోట ఇంటికొక చెట్టు ఉండేది, అంతే. బోర్లు పడ్డాక నాయిన తరం వాళ్లు ఆముదాలు, జొన్నలు మానేసి నిమ్మ పెట్టారు. నన్నేమో కోస్గి దిక్కు ఇచ్చారు. అక్కడ కందిచేలు, మా అత్తగారి గొర్లు తప్ప నిమ్మచెట్టన్నది కంటికి కనపడదు. ప్రైమరీ బడిలో పంతులమ్మ ఉద్యోగం కూడా అక్కడే. తల్లిగారింటికి వచ్చిన ప్రతిసారీ తిరుగు ప్రయాణంలో నా ఒళ్లో ఒక సంచీ నిమ్మకాయలు. పట్నంలో బస్సు మారేటప్పటికి చుట్టుపక్కల సీట్లన్నీ అదే వాసన.

ఆ సంచీతోపాటు నాయిన చెప్పే జాగ్రత్తలు కూడా వచ్చేవి. కాయను గుంజొద్దు, ముచ్చికతో కోయాలి, ముచ్చిక ఊడిన కాయ అక్కడి నుంచే కుళ్లుతుంది. రాలిన కాయను కోసిన కాయతో కలపొద్దు. పాత కుండలో తడి ఇసుక పోసి, కాయకు కాయ తగలకుండా పేర్చి, నీడన పెట్టి రోజూ నాలుగు చుక్కలు చల్లితే నెల దాకా తోలు ముడతపడదు. చారు పొయ్యి మీదుండగా పిండొద్దు, దించినాకే పిండాలి, లేకుంటే చేదెక్కుతుంది. ఆఖరి చుక్క దాకా పిసకొద్దు, తొక్కలోని చేదు దిగుతుంది. పులిహోర అయినా అంతే, అన్నం ఆరినాకనే. వంటింట్లో అడుగుపెట్టని మనిషి ఇన్ని చెప్తుంటే అమ్మ మూతి తిప్పుకునేది.

అమ్మ చేతిలో ఉన్నది మాత్రం జాడి.

మా అవ్వ నుంచి వచ్చిన అలవాటది. వానాకాలంలో ఎవరూ అడగని కాయల్లోంచి పలచటి తోలున్న పండుకాయలు ఏరి, అడుగున అతుక్కుని ఉండేటట్టు నాలుగు పక్షాలుగా కోసి, లోపల దొడ్డుప్పు కూరి, జాడిలో వేసి గుడ్డ కట్టేది. రోజూ ఎండలో పెట్టడం, పొద్దుగూకే ముందు లోపలికి తేవడం. కారం లేదు, నూనె లేదు, పోపు లేదు. నెలన్నరకు కాయ మెత్తబడి గోధుమరంగుకు వస్తుంది. ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. ఎంత పాతదైతే అంత గుణం అనేవారు. ఊరగాయను మేం తొక్కు అంటాం, దీన్ని మాత్రం మా ఇంట్లో ఎవరూ తొక్కు అనరు. తొక్కు నోటి రుచికి. ఇది రోగానికి. తొక్కు జాడీలన్నీ వంటింట్లో ఒకచోట ఉంటే, దీన్ని దూరంగా అటక మీద పెట్టేవారు. ఒంట్లో బాగున్నవాళ్లు ముట్టకూడదు. దొంగతనంగా నాకి అమ్మ చేత గంటె దెబ్బ తిన్నదాన్ని నేను. జరం వచ్చి నోరు చేదెక్కినా, వాంతులై అన్నం సహించకపోయినా, మెత్తటి అన్నంలో ఒక పక్షం, అంటే కాయలో పావు ముక్క, పెట్టేవారు. పథ్యం అన్నమాట. ఊళ్లో ఎవరికి జరమొచ్చినా గిన్నె పట్టుకుని మా ఇంటికే వచ్చేవారు. అమ్మ ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు నాయిన కాళ్లు వాచడం మొదలైంది. కిడ్నీలు అన్నారు. మీరేమన్నా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగారా అని అడిగినవాళ్లున్నారు. అది కాదు, బీపీ. ఎన్నాళ్ల నుంచో ఉండి ఉంటుంది, మనిషి ఎన్నడూ చూపించుకోలేదు. వారానికి రెండుసార్లు దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలన్నారు. తినాల్సినవీ తినకూడనివీ రాసి ఒక కాగితం ఇచ్చారు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి అందరినీ కూర్చోబెట్టి నేనే చదివాను. అన్నిటికంటే పైన ఉన్నది నీళ్ల సంగతి. రోజుకు ముప్పావు లీటరు. అందులోనే మజ్జిగ, అందులోనే చారు, గోలీలు మింగే నీళ్లు కూడా అందులోనే.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన మాత్రం నవ్వాడు.

"నన్ను గూడ బంద్ పెట్టిండ్రు బిడ్డా. పూత ఎన్నడొస్తదో మీ డాక్టరును జర అడుగు" అన్నాడు.

ఆ నవ్వును నేను నమ్మాను. చెట్లను అన్ని రోజులు ఆపగలిగినవాడికి తన నోరు ఆపుకోవడం ఒక లెక్కా అనుకున్నాను. నిజంగానే మొదటి ఏడు ఆయన నెగ్గుకొచ్చాడు. పొద్దున్నే ఒక చెంబులో కొలిచి పోసుకుని, ఆ చెంబుతోనే సాయంత్రం దాకా గడిపేవాడు. నోరెండితే చిన్న నిమ్మచెక్క చప్పరించమని దవాఖానలో సిస్టర్ చెప్పింది. జేబులో చెక్కలు వేసుకుని తోటలో తిరిగేవాడు. రెండు మాత్రలతో పోయే రోగమైనట్టు పక్కవాళ్లతో పరాచికాలాడేవాడు.

రెండో ఏడు ఎండాకాలం సెలవులకు నేను వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఉప్పు లేని కూర, చప్పటి అన్నం. రెండు ముద్దలు పెట్టుకుని కంచం పక్కకు జరిపేవాడు. తినకపోతే డయాలసిస్‌కు ఒళ్లు తట్టుకోదని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. అమ్మ గోరుముద్దలు పెట్టింది, బతిమాలింది, తిట్టింది. ఒకరోజు స్టూలేసుకుని అటక మీది జాడి దించింది. గుడ్డ విప్పలేదు. నా ముందు పెట్టి కూర్చుంది.

"కాయిదంల ఏమున్నదో ఒక్కపారి సూడు బిడ్డా. పెట్టొచ్చునా?"

నేను కాగితం తీశాను. ఊరగాయలు వద్దు, పచ్చళ్లు వద్దు, అప్పడాలు వద్దు అని ఉంది. కూరలో ఉప్పు తగ్గించమని ఉంది. నేను అవన్నీ చదివాను. చదివి, ఇవాళ్టికీ నా చెవుల్లో నుంచి పోని మాట అన్నాను.

"తొక్కు వద్దన్నరు. గిది తొక్కు గాదు గదమ్మా. నిమ్మకాయ సప్పరిచ్చుమని వాళ్లే చెప్పిండ్రు. పెట్టు."

ఉప్పులో నెలల తరబడి ఊరిన కాయ అది. ఆ మాట నాకు తట్టలేదు. పిల్లలకు సైన్సు పాఠం చెప్పేదాన్ని, ఉప్పు నీటిని పట్టుకుంటుందని బోర్డు మీద రాసేదాన్ని, నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ జాడిని రోగం తగ్గించేదిగా చూశాను. అది రోగం పెంచుతుందని అనుకోవడానికి నా బుర్రలో చోటే లేదు.

ఆ రోజు నాయిన కంచం ఖాళీ చేశాడు. వేలు నాకి, "గిన్నొద్దులు గిది యాడ దాసినవే" అని అమ్మను అడిగాడు. అమ్మ నవ్వింది. నేను కోస్గికి ఫోను చేసి మా ఆయనతో, నాయిన మంచిగ తింటున్నాడని సంబరంగా చెప్పాను. మరునాడు అమ్మ పనిలో ఉంటే నేనే వడ్డించాను. ఆ తర్వాత అది నా పనే అయింది. పూటకొక పక్షం, ఎనిమిది రోజులు.

మూడో రోజుకే చెంబు మధ్యాహ్నానికి ఖాళీ అయింది. నాలుగో రోజు అమ్మ ఆయన్ని కుండ దగ్గర పట్టుకుంది. దోసిలితో తాగుతున్నాడట. ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచింది. కుండను గదిలో పెట్టి గొళ్లెం వేసింది. మరునాడు తోటలో పైపు దగ్గర దొరికాడు, గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా. ఆ వారం డయాలసిస్‌లో కూడా నీళ్ల బరువు పెరిగిందని హెచ్చరించి పంపారు, అందుకే ఈసారి నేను కూడా తిట్టాను. చిన్నపిల్లల్లాగ ఇదేం పని, ఇన్నాళ్లూ ఆగినవాడివి ఇప్పుడేమైంది అన్నాను. నాయిన తల వంచుకుని నిలబడ్డాడు. మా నాయిన నా ముందు తల వంచుకోవడం నేను అప్పుడే చూశాను.

ఏడో రోజు కంచంలో ముక్క పెడుతుంటే, దాహం ఆగడం లేదని చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది సాలియ్యి బిడ్డా. దూప బాగ అయితాంది."

"గిది లేకుంటె బుక్క దిగుతలేదు గద నాయినా. గీ రెండొద్దులు తిను" అన్నాను.

నా మొహం చూశాడు. చెయ్యి తీసేశాడు. తిన్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి పడుకుంటే ఊపిరాడలేదు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టినా ఆడలేదు. పక్కింటివాళ్ల కారులో దవాఖానకు తీసుకుపోయాం. కాళ్లు, చేతులు, కనురెప్పలు అన్నీ వాచి ఉన్నాయి. బరువు చూసి సిస్టర్ గుండె మీద చెయ్యేసుకుంది. నన్ను అడిగింది.

"ఉప్పు ఏమన్న తిన్నడా అమ్మా? ఊరగాయలు గిట్ల?"

"లేదు సిస్టర్. తొక్కు ముట్టనే ముట్టలే." ఒట్టు పెట్టమంటే పెట్టేదాన్ని.

"మరి సప్పిడి అన్నం ఎట్ల తింటున్నడు?"

జవాబు నా నాలుక మీదికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. చెప్పబోయే మాట నాకే వినపడింది. ఉప్పు నిమ్మకాయ. మంచం పట్టె పట్టుకున్నాను. మూతి మీద ఆక్సిజన్ పెట్టుకుని నాయిన నన్నే చూస్తున్నాడు. నాకిప్పుడు తెలిసిందని ఆయనకు తెలిసింది. ఆ మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"నీళ్లు తాగిన సిస్టర్. దొంగతనంగ. నా బిడ్డకు తెల్వదు" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. చెప్పినా చేసే వైద్యం మారేది కాదని తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట నాకేమీ అక్కరకు రాలేదు. నేను ఆ క్షణంలో మూగదాన్నయింది వైద్యం లెక్కేసుకుని కాదు. భయపడి.

అమ్మ ఆ మాట విన్నది. కాళ్ల దగ్గర నిలబడి మొదలుపెట్టింది. "సెప్తె ఇనకపోతివి. కుండకు గొళ్లెం పెడితె పైపు కాడికి వోతివి. నీ నోటికి నువ్వే ఆగకపోతివి. నన్ను ముండమోపిని జేసి పోదామనేనా?" అని ఏడుస్తూ తిట్టింది. సిస్టర్ వచ్చి బయటికి పంపేదాకా తిడుతూనే ఉంది. నాయిన కళ్లు మూసుకుని విన్నాడు. మిషన్ పెట్టారు, వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ఒక్కరినే లోపల ఉండనిస్తామంటే నేను ఉన్నాను. మరునాడు పొద్దెక్కక ముందే గుండె ఆగింది. అమ్మకు మళ్లీ మాట్లాడే అవకాశం రాలేదు.

నాయిన పోయిన పదో రోజు నాడు చావిట్లో కూర్చున్న ఒకాయన, చెడ్డవాడు కాదు, మా ఇంటికి ఆకులు పట్టుకొచ్చినవాడే, పక్కవాడితో అన్నాడు. "గన్ని చెట్లకు బంద్ పెట్టినోడు ఆయన నోటికి పెట్టుకోలేకపోయిండు సూడు." అందరూ తలలూపారు. నేను చాయ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నాయినకు ఊళ్లో ఉన్న పేరల్లా అదొక్కటే, ఓపిక. నా కళ్ల ముందే అది పోతుంటే గ్లాసులు అందించి లోపలికి వచ్చాను.

ఎందుకు చెప్పలేదంటే, ఆ జాడి అమ్మది. కాయ కోసింది, ఉప్పు కూరింది, ఎండబెట్టింది, అటక నుంచి దించింది అమ్మ. నిజం చెప్తే ఆమె ఏమైపోతుందోనని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. పెట్టొచ్చునా అని అడిగింది అమ్మ, పెట్టమన్నది నేను. చదివింది నేను. ఏడో రోజు ఆయన చెయ్యి అడ్డం పెడితే వినంది నేను. తల్లిని కాపాడుతున్నానన్న పేరు చెప్పి నన్ను నేను కాపాడుకున్నాను. జాడిలో మిగిలింది మాత్రం ఎవరూ చూడకుండా పెంటకుప్పలో పారబోసి, ఎలుక పడిందని చెప్పాను. అమ్మ ఆ వానాకాలమే కొత్తది పెట్టింది.

మూడేండ్లు గడిచాయి. అమ్మ కోపం తగ్గలేదు. ఎవరు పలకరించడానికి వచ్చినా కథ నీళ్ల దగ్గర మొదలై నీళ్ల దగ్గర ఆగేది. ఫొటోకు దండ వేస్తూ కూడా ఒక మాట అనేది. ఆ కోపం మీదనే ఆమె లేచి తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉండేది.

మొన్న పెత్రమాసకు పోయాను. పెద్దలకు పెట్టుకునే రోజు. అమ్మ ఫొటో ముందు పీట వేసి విస్తరి పరిచింది. అన్నం, పప్పు, ఆయనకిష్టమైన గుమ్మడికాయ కూర, గారెలు, పక్కన ఒక గ్లాసులో కల్లు. అన్నీ సర్దింది. పెద్దల పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చుకోవడానికి పోతూ పోతూ తొంగిచూసిన పక్కింటి పెద్దమ్మ అన్నది.

"నీళ్లు వెట్టలేదేందే?"

"నీళ్లు దాగే గద పోయింది. గిప్పుడు గూడ నేనే తాపాల్నా? నీళ్లు లేవు, ఏం లేవు" అన్నది అమ్మ.

పెద్దమ్మ వెళ్లిపోయింది. అమ్మ ఊదుబత్తి ముట్టించింది. ఏటేటా ఇట్లాగే పెట్టిందట, నాకు తెలియదు. అన్నీ ఉన్న విస్తరి పక్కన నీళ్ల చోటు ఖాళీగా ఉంది. నా వల్ల కాలేదు. నేల మీద కూర్చుని, తల ఎత్తకుండా, మొదటి నుంచి చెప్పాను. కాగితంలో ఏముందో, నేను ఏమని చెప్పానో, పక్షానికి ఎంత ఉప్పు ఉంటుందో, ఆ ఉప్పు దాహం ఎట్లా పుట్టిస్తుందో, ఏడో రోజు ఆయన ఏమన్నాడో, సిస్టర్ అడిగినప్పుడు ఎందుకట్లా చెప్పాడో. జాడి మాట వచ్చినప్పుడు, తప్పు నీది కాదు, అడిగితివి గదా, పెట్టుమన్నది నేనే అని రెండుసార్లు అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

అమ్మ జాడి గురించి అడగలేదు. నా గురించీ అడగలేదు.

"అయితె, దూప ఆగక తాగిండా?"

"ఊఁ."

"మనం పెట్టిన దూప."

"నేను పెట్టిన దూపమ్మా."

"గది ఆయనకు ఎర్కేనా? నేను దవాఖానల గట్ల తిడుతాంటె, ఎర్కుండే ఊకున్నడా?"

అబద్ధమాడదామనుకున్నాను. ఆ క్షణంలో అబద్ధమే మంచిదేమో కూడా. ఎర్కే అని తల ఊపాను.

అమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి మెల్లగా కూర్చుంది. మూడేండ్లలో మొదటిసారి ఆమె గొంతులో కోపం లేదు.

"నా ఆఖరి మాట గదే బిడ్డా. ఆయన ఇన్న ఆఖరి మాట" అన్నది. ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు నాయిన పోయిన రోజు కూడా ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను, ముట్టుకోవడానికి ధైర్యం చాలక.